సూచిన్ తెచ్చిన మూడు విద్యలు

అనగనగా చీనా దేశంలో, పడమటి కొండల నడుమ, ఒక లోయ ఉండేది. మామూలు లోయ కాదు పిల్లలూ. పైనుంచి తొంగి చూస్తే అడుగున పారే నది సన్నటి దారంలా కనిపించేది. లోయకు ఒక పక్కన నిట్టనిలువు రాతిగోడ. ఆ గోడకు మొలతాడు కట్టినట్టు ఒక దారి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందే, అంత ఇరుకు.

ఆ దారి మీద ఇరవైరెండు కొండమేకలు బతికేవి. మేత అక్కడే, నిద్ర అక్కడే, పిల్లల్ని కనడమూ అక్కడే. పుట్టిన మూడో రోజుకే పిల్లలు రాతికి ఒళ్లు ఆనించి నడిచేవి. ఎవరూ నేర్పేవారు కాదు. నడవడం రాని పిల్ల నాలుగో రోజుకు ఉండేది కాదు.

ఒక చలికాలం ఆ లోయకు అది వచ్చింది.

అది అంటే చిరుతపులి. బూడిదరంగు ఒళ్లు, ఒంటి పొడుగంత తోక. బండ మీద పడుకుంటే బండేదో చిరుతేదో తెలిసేది కాదు. మేకలు దాని పేరు ఎత్తేవి కావు. ఎత్తితే దానికి వినిపిస్తుందేమోనని భయం. "అది వచ్చింది", "అది పోయింది" అనేవి, అంతే.

తెల్లారేసరికి పొగమంచు లోయంతా నిండుతుంది కదా, అప్పుడు వచ్చేది. అడుగుల చప్పుడు ఉండదు. గాండ్రింపు ఉండదు. పైనుంచి ఒక చిన్న గులకరాయి దొర్లి దారి మీద పడేది. టక్. ఆ తర్వాత ఏమీ వినిపించేది కాదు. మంచు విడిపోయాక ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటే మందలో ఒకరు తక్కువ.

అలా ముగ్గురు పోయారు. మూడోది సూచిన్ వాళ్లమ్మ.

సూచిన్ వయసులో ఉన్న ఆడమేక. చురుకైనది. ఏ పనైనా ఒకసారి చూస్తే చేసేస్తుందని మందలో అందరికీ నమ్మకం. ఆమెకొక తమ్ముడు, పేరు లియాంగ్. అమ్మ పోయిన రోజు ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

మందలో అందరికంటే పెద్దది షెన్ అవ్వ. ఆమె అందరినీ పిలిచి ఇలా అంది:

"ఇలా ఒక్కొక్కరం పోతూ ఉంటే వేసవికి ఎవరమూ మిగలం. కింద దేశంలో కుంగ్‌ఫూ అనే విద్య ఉందట. బలం లేనివాడు బలమున్నవాడిని ఎదిరించే విద్యట. ఉత్తరాన ఒకలా, దక్షిణాన ఒకలా, తూర్పున ఒకలా నేర్పుతారట. ఎవరైనా పోయి నేర్చుకుని రావాలి."

"నేను పోతాను అవ్వా," అంది సూచిన్.

"త్వరగా రా అక్కా," అన్నాడు లియాంగ్.

నిజం చెప్పాలంటే, లోయ దాటి కొండ దిగగానే సూచిన్‌కు హాయిగా అనిపించింది. ఇక్కడ గులకరాయి దొర్లినా ఏమీ కాదు. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గుపడింది. ఆ సిగ్గుతోనే పరుగు పెంచింది.

ముందుగా ఉత్తరానికి వెళ్లింది. అక్కడ కనుచూపు మేర చదును నేల. చెట్టు లేదు, పుట్ట లేదు. నేల రాయిలా గడ్డకట్టి ఉంది. అక్కడి గురువు ఒక ఎర్ర గుర్రం. ఆయన పది అంగలు పరిగెత్తి, గాల్లోకి లేచి, వెనక కాలు చక్రంలా తిప్పి తన్నితే ఎదురుగా ఉన్న మట్టిదిబ్బ పొడిపొడి అయింది.

"మా ఉత్తరాది వాళ్లకు కాళ్లే ఆయుధాలు," అన్నాడు గుర్రం. "శత్రువును దూరాన ఉండగానే చూడాలి, దూరాన ఉండగానే తన్నాలి."

"నాకు నేర్పు మామా!"

"నేర్పుతాను. కానీ ఒక చలికాలం మాతో ఉండు తల్లీ. ఈ నేల మీద పరిగెత్తు. ఈ తన్ను ఎక్కణ్ణుంచి పుట్టిందో నీకే తెలుస్తుంది."

"చలికాలమా! అప్పటికి మా వాళ్లు మిగలరు మామా. తన్ను ఒక్కటి చూపించు చాలు."

ఆమె కళ్లలో భయం చూసి గుర్రం కాదనలేకపోయాడు. సూచిన్ పదిరోజుల్లో ఆ తన్ను నేర్చేసుకుంది. పదకొండో రోజున బయల్దేరింది.

తర్వాత దక్షిణానికి వెళ్లింది. అక్కడ ఎటు చూసినా నీళ్లే. నదులు, కాలువలు, పొలాల్లో మోకాటి లోతు బురద. జనం పడవల్లోనే వండుకుని పడవల్లోనే పడుకుంటున్నారు. అక్కడి గురువు ముసలి తెల్లకొంగ. ఊగుతున్న పడవ మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి, మేకు కొట్టినట్టు నిలబడ్డాడు. కాళ్లు కదల్లేదు. రెక్కలు మాత్రం జానెడు దూరంలో టపటపా కొట్టాయి. ఆ దెబ్బకు పడవ అంచు మీది వెదురు కర్ర రెండు ముక్కలైంది.

"మా దక్షిణాదిలో కాలు ఎందుకు ఎత్తమో తెలుసా అమ్మాయ్?" అన్నాడు కొంగ.

"తెలియదు తాతా. అది తర్వాత చెబుదువు గానీ, ముందు దెబ్బ చూపించు."

కొంగ ఆమె వైపు చాలాసేపు చూశాడు. దెబ్బ చూపించాడు.

అక్కణ్ణుంచి తూర్పుకు, సముద్రం ఒడ్డుకు వెళ్లింది. అక్కడ ఏపుగా పెరిగిన గడ్డి గాలికి అటూ ఇటూ ఊగుతోంది. ఆ గడ్డిలో ముందుకాళ్లు కొడవళ్లలా మడిచి పెట్టుకుని కూర్చుంది ఒక గొల్లభామ పురుగు. సూచిన్ ముక్కు కింద నుంచే ఒక ఈగను పట్టేసింది. పట్టేదాకా అక్కడ గొల్లభామ ఉందనే సూచిన్‌కు తెలియలేదు.

"కదలకుండా ఉండి, వచ్చిన చేతిని కొక్కెంలా పట్టి లాగాలి," అంది గొల్లభామ. "కానీ ఒక మాట విను. నా దెబ్బలో సగం నాది కాదు. ఈ గడ్డిది."

"సరే అత్తా," అంది సూచిన్. కానీ ఆమె ఆ మాట వినలేదు. ఈ రోజుకు లోయలో ఎంతమంది మిగిలి ఉంటారా అని మనసులో లెక్క వేసుకుంటోంది.

మూడు నెలలకు తిరిగి వచ్చింది. లోయలో పద్నాలుగు మంది మిగిలారు. ఆమెతో పదిహేను. లియాంగ్ బతికే ఉన్నాడు. వాణ్ణి చూడగానే ఆమెకు ఏడుపు ఆగలేదు.

దారి చివర, కొండ మలుపులో, కాస్త చదును ఉంది. మధ్యాహ్నం ఎండలో సూచిన్ అందరినీ అక్కడికి తీసుకెళ్లి నేర్పింది. గుర్రం తన్ను నేర్పింది. కొంగ నిలకడ నేర్పింది. గొల్లభామ పట్టు నేర్పింది. చదును మీద అన్నీ చక్కగా కుదిరాయి. లియాంగ్ అందరికంటే బాగా నేర్చుకున్నాడు. నాలుగు అంగలు వేసి లేచి తన్నితే మందంతా "ఆహా" అనేది. అలా సాధన చేసిన పది రోజులూ మేకలు నవ్వుకున్నాయి. మాటలు కాస్త గట్టిగా కూడా మాట్లాడుకున్నాయి.

పదకొండో రోజు తెల్లారింది. మంచు లేచింది. ఎవరి కాళ్లు వాళ్లకే కనిపించడం లేదు.

టక్.

అందరూ బిగుసుకుపోయారు. ముసలి మేక ఒకటి కళ్లు మూసేసుకుంది.

"అక్కా, నేను ముందుంటాను," అన్నాడు లియాంగ్, గుసగుసగా.

పైన బండ మీద రెండు కళ్లు కనిపించాయి. లియాంగ్ పరుగు తీశాడు. ఒక అంగ, రెండు, మూడు, నాలుగు. గాల్లోకి లేచాడు. కాలు చక్రంలా తిరిగింది. అక్క నేర్పినట్టే తిరిగింది, ఇంచు కూడా తేడా లేదు. కాలికి ఏమీ తగల్లేదు. కిందికి దిగేటప్పుడు గిట్టల కింద దారి లేదు.

వాడు అరవలేదు. "అక్కా" అని కూడా అనలేదు. మంచులోకి మునిగిపోయాడు. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, ఒక చప్పుడు వినిపించింది.

చిరుత బండ మీద లేచి కూర్చుని పంజా నాక్కుంది.

"నేనింకా దూకనే లేదే," అంది, నొచ్చుకున్నట్టు. తర్వాత తీరిగ్గా కొండ దిగి, కిందికి వెళ్లిపోయింది.

మంచు విడిపోయాక కెఫాంగ్ అనే మగమేక నోరు విప్పాడు. కెఫాంగ్ మంచివాడు. సూచిన్‌ను ఓదార్చాలని అన్నాడు:

"పాపం, కుర్రతనం. తొందరపడ్డాడు. అక్క చెప్పినట్టు చేసి ఉంటే ఇలా అయ్యేది కాదు."

"అవును, తొందరపడ్డాడు," అన్నారు మిగిలినవాళ్లు.

సూచిన్‌కు ఆ మాట గుచ్చుకుంది. లియాంగ్ తొందరపడలేదు. తను చెప్పినట్టే చేశాడు. తను చెప్పినట్టు చేయబట్టే పోయాడు. ఆ సంగతి ఆమెకు ఒక్కదానికే తెలుసు. చెప్పాలని నోరు తెరిచింది. ఎదురుగా పదమూడు ముఖాలు, అన్నీ ఆమెనే చూస్తున్నాయి. వాళ్లకున్న ధైర్యమంతా ఆ విద్య మీదే. అది పనికిరాదని చెబితే ఏమైపోతారు? తనను ఎలా చూస్తారు? చిరుతను చూస్తే ఎంత భయమో, ఆ చూపులంటే అంతకంటే ఎక్కువ భయం వేసింది ఆమెకు.

"ఇంకా బాగా సాధన చేద్దాం," అంది.

ఆ మాట అని తల దించుకుంది. చచ్చిపోయిన తమ్ముడి మీద తప్పు వేసి ఊరుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు మంచులో మళ్లీ రాయి దొర్లింది. ఈసారి కెఫాంగ్ ముందు నిలబడ్డాడు. లియాంగ్‌లా ఎగరలేదు. కొంగ నేర్పిన నిలకడలో, కాళ్లు ఎడంగా చాపి, గిట్టలు నాటుకుని నిలబడ్డాడు. కదలకూడదని కదా నేర్పింది. అందుకని కదల్లేదు. కానీ ఆ ఇరుకు దారిలో కాళ్లు ఎడంగా చాపితే ఒక కాలు బయటి అంచు మీద పడుతుంది. అంచంతా తడి, పాచి. చిరుత పైనుంచి మీద పడుతుంటే తప్పుకుందామనుకున్నాడు. ఆ నిలకడలోంచి కాలు తీయడానికి వీలు కాలేదు.

కెఫాంగ్ భార్య రూయిన్ ఆ పక్కనే ఉంది. అంతా చూసింది.

మంచు విడిపోయేసరికి కెఫాంగ్ లేడు. రూయిన్ నెమ్మదిగా నడిచి వచ్చి సూచిన్ ఎదురుగా నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"మా ఆయన కూడా తొందరపడ్డాడా, సూచిన్?"

సూచిన్ ఇక ఉండలేకపోయింది.

"లేదు," అంది. "తొందరపడింది నేను. లియాంగ్ తప్పు లేదు. కెఫాంగ్ అన్న తప్పు లేదు. నేను దెబ్బలు నేర్చుకున్నాను గానీ, ఆ దెబ్బలు ఎందుకు అలా ఉన్నాయో అడగలేదు. గుర్రం ఉండమన్నాడు, ఉండలేదు. కొంగ చెప్పబోయాడు, చెప్పనివ్వలేదు. లియాంగ్ పోయిన రోజే నాకు అర్థమైంది. ఆ రోజు చెప్పి ఉంటే కెఫాంగ్ అన్న బతికేవాడు. మీరు నన్ను తిడతారని భయపడి చెప్పలేదు."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. రూయిన్ వెనక్కి తిరిగి, తన ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని, దారి ఆ చివరకు వెళ్లిపోయింది.

"మరి మూడోది? గొల్లభామ పట్టు?" అని అడిగింది వెనకనుంచి ఎవరో. ఆ గొంతులో ఇంకా ఏదో ఆశ.

"దానికి దాక్కునేంత గడ్డి కావాలి. మన దారి మీద ఏముంది, రాయి," అంది సూచిన్. ఆ మాట అంటూ ఉండగానే ఆమెకు అన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చాయి. గుర్రానికి ఎటైనా ఎగిరి ఎక్కడైనా దిగేంత మైదానం ఉంది. అందుకే ఆయన ఎగిరాడు. కొంగకు కాలెత్తితే నీళ్లలో పడేసే పడవ ఉంది. అందుకే ఆయన నాటుకుని నిలబడ్డాడు. వాళ్లు ఎవరికి వాళ్లు తమ నేలను చూసి నేర్చుకున్నారు. తను మాత్రం దేశమంతా తిరిగింది గానీ, పుట్టిన దారిని ఒక్కసారి కూడా తేరిపార చూడలేదు.

"అవ్వా," అంది, "నువ్వు మా అందరికంటే ఎక్కువ ఏళ్లు ఈ దారి మీద నడిచావు. నడుస్తుంటే కాలి కింద రాయి కదిలిందనుకో. ఏం చేస్తావు?"

షెన్ అవ్వ తెల్లబోయింది. "ఏం చేస్తానేమిటి? అరడుగు ముందుకు జరిగి గోడకు ఆనుకుంటాను."

"వెనక్కి దూకవా?"

"దూకితే పోతానే పిల్లా!"

"ఒక్కసారి చేసి చూపించు."

అవ్వ చేసి చూపించింది. ముందు గిట్ట గోడ పగులులో దూరింది. భుజం రాతికి అతుక్కుంది. ఒళ్లు అరడుగే జరిగింది. కానీ అంతకుముందు ఆమె ఉన్న చోటు ఖాళీ అయిపోయింది. సూచిన్ మళ్లీ చేయమంది. మళ్లీ. ఇంకోసారి. అవ్వకు విసుగొచ్చింది.

"ఇది విద్యేమిటే? పాలు తాగే పిల్లలు కూడా చేస్తారు."

"అది పైనుంచి దూకేటప్పుడు మనం ఎక్కడున్నామో చూసుకుని దూకుతుంది అవ్వా. అది గాల్లో ఉండగా మనం అక్కడ లేకపోతే?"

అవ్వ ఈసారి అడగకుండానే ఇంకోసారి గోడకు జరిగి చూసుకుంది.

ఈసారి చదును మీద సాధన చేయలేదు. దారి మీదే చేశారు, పక్కనే లోయ నోరు తెరుచుకుని ఉండగా. మొదటి రోజు ఇద్దరికి కళ్లు తిరిగాయి. ఆరు రోజులు చేశారు. గోడకు ఆనుకోవడం, అరడుగు జరగడం, ఆ వెంటనే కొమ్ములు బయటికి తిప్పడం. ఒక్కరినీ పరుగెత్తనివ్వలేదు.

ఏడో రోజు తెల్లారకముందే సూచిన్ దారిలో అన్నిటికంటే ఇరుకు చోటికి వెళ్లి నిలబడింది. అక్కడ గోడ లోంచి నీళ్లు ఊరి బయటి అంచంతా పాచి పట్టి ఉంటుంది. "నేను తప్పు చేశాను. ముందు నేనే నిలబడాలి," అంది. ఎవరూ కాదనలేదు.

మంచు లేచింది. ముక్కు ముందు ఏముందో కనిపించడం లేదు. సూచిన్ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు ఆపాలని నాలుక కొరుక్కుంది. పారిపోవాలని ఒళ్లంతా చెబుతోంది. తల్లి గుర్తొచ్చింది. చివరి క్షణంలో అమ్మకూ ఇలాగే ఉండి ఉంటుందా?

టక్.

గులకరాయి ఆమె గిట్ట పక్కనే పడింది.

"సూచిన్," అంది పైనుంచి ఒక గొంతు. మెత్తగా, పక్కింటివాళ్లు పలకరించినట్టు. "ఇవాళ ఏం చూపిస్తావు? ఉత్తరమా, దక్షిణమా?"

దానికి తన పేరు తెలుసు. సూచిన్‌కు ఒళ్లు చల్లబడింది. ముందు గిట్టను గోడ పగులులోకి జరిపింది. చూపు పైకి ఎత్తి, ఆ బూడిదరంగు మంచులో ఎక్కడ కదులుతుందా అని చూసింది.

మంచు ఒక చోట చిరిగింది.

ఆ క్షణంలో ఎగరాలనిపించింది. వెనక్కి దూకాలనిపించింది. రెండూ చేయలేదు. అరడుగు జరిగి, కళ్లు మూసుకుని, రాతికి అతుక్కుపోయింది. చెవి పక్క నుంచి గాలి రివ్వున పోయింది. పంజా ఒకటి వీపు మీద నాలుగు గీతలు చీరింది. చిరుత ఖాళీ దారి మీద పడింది. వెనక కాళ్లు పాచి మీద సర్రున జారాయి. అది కుదుటపడేలోపే సూచిన్ కొమ్ములు తిప్పి దాని భుజం కింద పొడిచి, ఒంటి బరువంతా వేసి నెట్టింది.

చిరుత అంచు మీదికి జారింది. ముందు పంజాలతో రాతిని పట్టుకుని వేలాడింది. గోళ్లు రాయి మీద గీసుకుంటూ కిర్రుమన్నాయి. దాని ముఖం ఇప్పుడు సూచిన్ ముఖానికి జానెడు దూరంలో ఉంది. అంత దగ్గరగా ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ కళ్లలోనూ భయమే ఉంది.

"ఇది ఏ దేశపు విద్య?" అని అడిగింది చిరుత.

ఒక గోరు జారింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అంచు ఖాళీ అయింది.

మేకలేవీ కేరింతలు కొట్టలేదు. మంచు పూర్తిగా విడిపోయేదాకా ఒక్కొక్కరూ గోడకు అంటుకుని ఉన్నచోటనే ఉండిపోయారు. ఆ తర్వాత ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ తగ్గలేదు. అప్పుడు ముసలి షెన్ అవ్వ చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆ భయం అంత తేలిగ్గా పోలేదు పిల్లలూ. చాలా రోజులదాకా రాయి దొర్లితే మందంతా బిగుసుకుపోయేది. సూచిన్ వీపు మీది గాయాలు మానడానికి వేసవి దాకా పట్టింది. ఇంకో చిరుత వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

రూయిన్ అన్నాళ్లూ సూచిన్‌తో మాట్లాడలేదు. ఒక రోజు పొద్దున ఇద్దరు పిల్లల్నీ ముందు నడిపించుకుంటూ వచ్చింది. కాసేపు లోయలోకి చూస్తూ నిలబడింది. సూచిన్ ముఖం వైపు చూడకుండానే అంది:

"నిన్ను క్షమించానని అనుకోకు. వీళ్లకు ఆ అరడుగు నేర్పు."

"నేర్పుతాను వదినా," అంది సూచిన్. "ముందు వీళ్లు రోజూ ఎక్కడ మేస్తారో, ఎక్కడ పడుకుంటారో నన్ను అక్కడికి తీసుకెళ్లు. ఆ చోటు చూసి నేర్పుతాను."

రూయిన్ తల ఊపి ముందు నడిచింది. పిల్లలిద్దరూ రాతికి ఒళ్లు ఆనించుకుంటూ తల్లి వెనకే నడిచారు. వాళ్ల వెనక సూచిన్, వాళ్ల గిట్టలు ఎక్కడ పడుతున్నాయో చూసుకుంటూ నడిచింది.

నీతి: ఏ విద్యనైనా అది ఏ నేల మీద, ఏ అవసరానికి పుట్టిందో తెలుసుకుని నేర్చుకోవాలి; తెలియక తప్పు నేర్పితే, తెలిసిన క్షణమే ఆ తప్పు ఒప్పుకోవాలి.